మూడో పిలుపు

మణిశైల రాజ్యంలో ఎవరినైనా పేరు పెట్టి పిలిస్తే "ఏం?" అనరు, "ఓయ్" అనరు. "ఉన్నాను" అంటారు. పొలం గట్టు మీద పిలిచినా, పెళ్లిపందిట్లో పిలిచినా, నిద్రలో తట్టి లేపినా అదే జవాబు. అక్కడి పసివాడికి "అమ్మ" తర్వాత వచ్చే రెండో మాట ఇదే. ఈ అలవాటు ఎలా పుట్టిందో తెలియాలంటే పింగళకోట చెరసాల గోడ ముందుకు వెళ్లాలి. మన కథ కూడా ఇప్పుడు అక్కడికే చేరుకుంది.

పింగళగిరి నడుము చుట్టూ తేనెరంగు రాతితో కట్టిన ఏడు ప్రాకారాలు. ప్రతి ప్రాకారానికీ సింహముఖాల బురుజులు, బురుజుల మీద చీనిపట్టు జెండాలు, జెండాల నిండా బంగారు జరీతో నేసిన రెండు తలల పక్షి. ద్వారాలకు ఏనుగుదంతపు పువ్వులు, పువ్వుల నడుమ కెంపులు. చూసేవాడికి కళ్లు చెదిరిపోతాయి. ఇంత వైభవానికీ దక్షిణపు అంచున మాత్రం ఒక నల్లగోడ ఉంది. దాని మీద బొమ్మ లేదు, లత లేదు. మనిషి నోటి ఎత్తున గుండ్రటి చిన్న రంధ్రం ఒకటి ఉంది, అంతే. జనం దాన్ని పిలుపు గోడ అంటారు.

ప్రతి అమావాస్యనాడు మిట్టమధ్యాహ్నం ఖైదీల ఇంటివాళ్లు ఆ గోడ దగ్గర వరసగా నిలబడతారు. ఒక్కొక్కరే ముందుకు వెళ్లి తమ మనిషిని మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. లోపలి నుంచి "ఉన్నాను" అని వినిపించాలి. మొదటి రెండు పిలుపుల సంగతి ఎలా ఉన్నా, మూడో పిలుపుకు పలకకపోతే చెరసాల పెద్దతలుపు తెరవాలి. ఇంటివాళ్లు లోపలికి వెళ్లి తమ మనిషిని వెతుక్కోవచ్చు. అది మణిశైలంలో ఖైదీకి ఉన్న ఒకే ఒక్క హక్కు. ఆ గద్దె మీద తాగుబోతు రాజులు కూర్చున్నారు, పిచ్చిరాజులు కూర్చున్నారు. ఎవరూ ఆ హక్కు జోలికి పోలేదు.

రెండున్నరేళ్ల కిందట సేనలను నడిపే దళవాయి రణభేరుండుడు ఉగ్రబాహు మహారాజును సింహాసనం మీంచి లాగి పడేసిన నాడు కూడా మొట్టమొదట ఈ గోడ మీదే చెయ్యి పెట్టి ప్రమాణం చేశాడు. "ఆరు నెలలు. ఆరు నెలల్లో మీరు ఎన్నుకున్న జనసభ చేతిలో ఈ కత్తి పెట్టి, మా ఊరు పోయి ఆవుల్ని కాచుకుంటాను" అన్నాడు. జనం సంతోషంతో ఏడ్చారు. ఆ ఆరు నెలలూ గడిచి ఇప్పటికి రెండేళ్లు. ఆవులు ఇంకా ఆయన కోసం ఎదురుచూస్తున్నాయి.

ఆనాడు కోటగోడకు మొదటి నిచ్చెన వేసిన బంటు పేరు చెన్నమల్లుడు. సభ నియమాలను తాటాకుల మీద రాసిన లేఖకుడు అతని అన్న ఓబయ్య. గడువు దాటిన మర్నాడు "సభ ఎప్పుడు?" అని దళవాయినే అడుగుతానని ఓబయ్య బయలుదేరితే, చెన్నమల్లుడే అన్నను చెయ్యి పట్టుకుని కొలువుకు తీసుకుపోయాడు. దొర మంచివాడే, అడిగితే చెప్తాడు అని నచ్చజెప్పి మరీ తీసుకుపోయాడు. ఆ సాయంత్రమే ఓబయ్యను చెరలో వేశారు. చెన్నమల్లుడు కత్తి విసిరి కొట్టి అడవుల పాలయ్యాడు.

ఈ అమావాస్య ఉదయం అతను కొండవాలులో ఒక బండ చాటున కూర్చుని తల గొరిగించుకుంటున్నాడు. గొరుగుతున్నది అతని వదిన లకుమ. పక్కన కావడి, కావడికి రెండు వైపులా వలల్లో ఎండిన సొరబుర్రలు. రెండు నెలలుగా అతను సొరపల్లెలో బుర్రలు ఎండబెట్టే పని నేర్చుకున్నాడు. కారణం ఒక్కటే. చెరసాలకు నెలకు పన్నెండు బండ్ల బియ్యం పోయేవి, ఇప్పుడు ఒక్క బండి పోతోంది. లోపలికి పోయేవి ఎక్కువగా బుర్రల కావళ్లే, చెరలోకి దూరాలంటే అదే దారి.

"మీ అన్న గొంతు పోయిన అమావాస్యకు కూడా విన్నాను మల్లా" అంది లకుమ కత్తి తుడుస్తూ. "గట్టిగానే ఉంది. ప్రతిసారీ గట్టిగానే ఉంటుంది. రెండేళ్లలో మనిషికి ఒక్కసారన్నా జలుబు చెయ్యదా?"

చెన్నమల్లుడు లేచి కావడి వలల ముళ్లు బిగించాడు.

"ఇవాళ పిలుపులు అయ్యాక గొంతెత్తి ఓటు చెప్పాలట" అందామె. "చెరలోవాళ్ల గొంతు ముందు. లోపలున్నవాళ్లు సమ్మతమంటే బయటివాళ్లం కాదనం. మనవాడే సరేనన్నాక మనమెవరం కాదనడానికి? దళవాయిని బతికినంత కాలం సభాపతిని చేసి కూర్చోబెడతారు. అది కానీ, కాకపోనీ. నాకు మీ అన్న కావాలి. ఉన్నాడో లేడో చూసిరా. అంతే."

పాలనవల్ల ఎక్కువ దెబ్బ తిన్నవాడి మాట ముందు వినాలని పాత పెద్దలు పెట్టిన ఆచారం అది. మంచి ఆచారమే. దళవాయికి మంచి ఆచారాలంటే చాలా ఇష్టం.

అతను కావడి భుజాన వేసుకుని పది అడుగులు వేశాడో లేదో, వెనకనుంచి ఆమె "చెన్నమల్లా" అంది.

"ఉన్నాను వదినా."

"చూశావా? లోపల ఎవరు పిలిచినా అలా పలక్కు. నీ తలకు వెల కట్టారు. నువ్వు సొరపల్లె బసివినాయుడివి, గుర్తు పెట్టుకో."

చెరసాల వెనుకద్వారానికి అగడ్త మీదుగా చెక్కవంతెన ఒకటే దారి. వంతెనకు ఇరవై పలకలు. అందులో ఒక పలక కింద మేకులుండవు. ఏ పలకో రోజూ మారుస్తారు. కింద నీళ్లలో మొసళ్లు ఎండుచెట్ల మొద్దుల్లా పడి ఉన్నాయి. అటు ఒడ్డున ఇద్దరు కావలివాళ్లు కూర్చుని వక్క నములుతున్నారు.

"దొరా, ఏ పలకో చెప్పండి, మీకు పుణ్యముంటుంది" అన్నాడు చెన్నమల్లుడు.

"చెప్తే మాకు పొద్దెలా పోతుందిరా?" అన్నాడు ఒకడు. "నడు, నడు."

అతను కాలితో తడుముకుంటూ పదమూడు పలకలు దాటాడు. పద్నాలుగోది కాలి కింద తిరగబడింది. కావడితో సహా నీళ్లలో పడ్డాడు. కావలివాళ్లు పగలబడి నవ్వారు. మొసళ్లు నాలుగు వైపులనుంచీ కదిలాయి. అయితే సొరబుర్రలతో నీళ్లలో మునగడం సొరపల్లెలో ఎవరికీ చేతకాని పని. అక్కడ పిల్లలు వీపుకు బుర్ర కట్టుకునే ఈత నేర్చుకుంటారు. కావడిబద్దను చంకల కింద పెట్టుకుని అతను తేలిపోయాడు. మొదటి మొసలి నోరు తెరిచి మీదికి రాగానే పెద్ద బుర్రనొకదాన్ని దాని దవడల మధ్యకు తోశాడు. బుర్ర పగల్లేదు, లోపల ఇరుక్కుంది. మొసలి నోరు మూయలేక, తెరవలేక నీళ్లను తోకతో చితకబాదుతుంటే మిగతావి దాని మీదికి పోయాయి. ఆ అలజడిలో అతను మెట్లు పట్టుకుని పైకి పాకాడు.

"ఎన్ని పోయాయి?" అన్నాడు కావలివాడు. మనిషి గురించి కాదు, బుర్రల గురించి.

"ఒకటి పోయింది దొరా."

"అరవై తెమ్మన్నారు. రేపటికి అరవైమంది కొత్తవాళ్లు వస్తారట. నీ తంటా నువ్వు పడు."

ఇవాళ సభకు ఓటు, రేపటికే చెరలో అరవైమందికి చోటు సిద్ధమవుతోంది. చెన్నమల్లుడు తడిబట్టలు పిండుకుంటూ ఆ మాటను మింగేశాడు.

ద్వారం దాటాక పొడవాటి సొరంగం. గోడలకు పాదరసం పూసిన అద్దాలు, అద్దాల నడుమ ఇత్తడి కొమ్మలు, ఒక కొమ్మ మీద కాటుకంత నల్లని గోరింక. మెడలో ముత్యాల పట్టెడ, కాళ్లకు వెండి కడియాలు. అది చెన్నమల్లుణ్ణి ఒక కంటితో చూసి పేర్లు చదవడం మొదలుపెట్టింది. దళవాయి వెతుకుతున్న వాళ్లందరి పేర్లూ దానికి నేర్పించారు. అలవాటుకొద్దీ ఎవడు పలికితే వాడి మీదికి పైకప్పులోని ఇనుపవల ఊడిపడుతుంది.

"కందర్పయ్యా" అంది గోరింక. చెన్నమల్లుడు నడుస్తున్నాడు. "మాధవపెద్దీ" అంది. నడుస్తున్నాడు. "చెన్నమల్లా" అంది, అచ్చం తల్లి కొడుకును అన్నానికి పిలిచినట్టు.

పలుకు నాలుక చివరకు వచ్చేసింది. అతను నాలుకను పళ్లతో కొరికి పట్టుకున్నాడు. నోటినిండా ఉప్పటి రక్తం. గోరింక తల అటూ ఇటూ తిప్పి తర్వాతి పేరు అందుకుంది. సొరంగం చివర తలుపు తెరుచుకుంది.

లోపల నూరు స్తంభాల మండపం. స్తంభాలన్నీ పాలరాయి, ఒక్కో స్తంభానికి అప్సరసలు నలుగురు. పైకప్పులోని సన్నటి సందుల్లోంచి ఎండ గీతలుగీతలుగా దిగుతోంది. ఆ ఎండలో వందల సొరబుర్రలు ఎర్రదారాలకు వేలాడుతున్నాయి. గుండ్రటివి, మెడ పొడుగువి, వంకరవి, అరచేతిలో పట్టేవి. అన్నింటికీ ఆముదం రాసి మెరుగు పెట్టారు. అన్నింటి మూతులకూ లక్క. ప్రతిదాని మీదా సున్నంతో ఒక పేరు. దక్షిణపు గోడలోంచి నోరు తెరుచుకున్న పెద్ద మట్టిగొట్టం ఒకటి బయటికి పోతోంది. దాని అవతలి చివరే పిలుపు గోడలోని రంధ్రం.

మండపం మధ్యలో మంత్రగాడు ధూమ్రకంఠుడు నిలబడి ఉన్నాడు. చేతిలో వెండిబెత్తం. హోమధూమం మింగి మింగి అతని గొంతు ఎప్పుడో కాలిపోయింది. మెడలో కట్టుకున్న చిన్నబుర్రే అతని బదులు మాట్లాడుతుంది. ఇవాళ అందులోంచి ఒక పడుచుపిల్ల గొంతు వచ్చింది.

"నీ పేరేమిటి?"

"బసివినాయుడు స్వామీ. సొరపల్లె."

ధూమ్రకంఠుడు ఒక బుర్రను గోటితో తట్టి చూశాడు, గింజలు గలగలమంటున్నాయో లేదో విన్నాడు, తల ఊపాడు. "ఆ మూల కొయ్యలకు తగిలించు. మూతులు కోసి గుజ్జు గీకు. నేను అలంకరించుకుని వస్తాను" అంది పడుచుపిల్ల గొంతు. వెళ్తూ వెళ్తూ అతను బెత్తంతో వరసను సరిచూసుకున్నాడు. "ఓబయ్యా" అంది ఆ గొంతు.

"ఉన్నాను" అంది ఒక బుర్ర. అది అన్న గొంతు.

మూతులు కొయ్యడానికి చెన్నమల్లుడు తీసుకున్న కత్తి కిందపడింది. మంత్రగాడు వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

అప్పుడు బుర్రల చాటునుంచి ఒక ముసలివాడు బయటికి వచ్చాడు. ఎముకల గూడు, చేతిలో ఆముదం గుడ్డ. బుర్రలు తుడిచే ఖైదీ అతను. నోరు తెరిచి ఏదో చెప్పబోయాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. చెన్నమల్లుడి చెయ్యి పట్టి ఈడ్చుకుంటూ పోయి వరసలో ఒక బుర్రను చూపించాడు. దాని మీద "ఎల్లమంద" అని ఉంది. తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, రోకలి ఆడించినట్టు సైగ చేశాడు. పగలగొట్టమంటున్నాడు. మూలనున్న రోకలి తీసి తనే ఎందుకు పగలగొట్టుకోలేదని చెన్నమల్లుడు చూపుతో అడిగాడు. ముసలివాడు మోచేతులు చూపించాడు. రెండూ విరిచేసి అతికించి ఉన్నాయి. గుడ్డ తిప్పడానికి పనికొస్తాయి, దెబ్బ వెయ్యడానికి పనికిరావు.

చెన్నమల్లుడు బుర్రను తన తడి ఉత్తరీయంలో చుట్టి రోకలితో ఒక్కటి వేశాడు. లోపలనుంచి వెచ్చటి గాలి తెర లేచి ముసలివాడి నోట్లో దూరింది. అతను దగ్గాడు. చాలాసేపు దగ్గాడు. ఆ తర్వాత తన పేరు తనే మెల్లగా పిలుచుకుని, తనే "ఉన్నాను" అన్నాడు. ఇద్దరి కళ్లూ నిండాయి.

"పేరు పెట్టి పిలుస్తాడు నాయనా, పలుకుతాం. చిన్నప్పటినుంచీ పలకడమే కదా నేర్చింది. మూతి దగ్గర బుర్ర పెట్టి ఉంటాడు, గొంతు అందులో పడుతుంది. అసలు పేరైతేనే పడుతుంది. ఒకసారి పేరుకు పలికిస్తాడు, ఇంకోసారి సమ్మతమనిపిస్తాడు. ఆ రెండు ముక్కలూ ఎప్పటికీ చాలు వాళ్లకు."

"మిగతావాళ్లేరి తాతా? మనుషులేరి?"

"గొంతు తీసుకున్నాక మనిషితో వాళ్లకేం పని?" అన్నాడు ఎల్లమంద. "కొన్నాళ్లు తిండి పెట్టారు. తర్వాత మానేశారు. గోడ దగ్గర జవాబు వస్తూనే ఉంది కదా."

చెన్నమల్లుడు అన్న పేరున్న బుర్రను చూపించాడు. "మా అన్న. ఓబయ్య. లేఖకుడు."

ముసలివాడు నేలలో కింది కొట్ల మీదున్న రాతిజాలీ వైపు చూశాడు. "కింద నాలుగో కొట్లో ఒకడున్నాడు. మొహం నేను చూడలేదు, చీకటి. నాకు పోసే గంజిలో కొంత గిన్నెలో పోసి సందులోంచి తోస్తే, ఖాళీ చేసి మళ్లీ తోసేవాడు. గిన్నె అడుగున గోటితో అక్షరాలు గీకేవాడు. లేఖకుడే అయ్యుంటాడు." గుడ్డను మడతలు పెట్టాడు, విప్పాడు. "పది రోజులుగా గిన్నె తిరిగి రావడం లేదు."

బయట శంఖం మోగింది. మిట్టమధ్యాహ్నం అయింది.

మట్టిగొట్టం గుండా వందలమంది గుసగుసలు మండపంలోకి వచ్చాయి. పిలుపులు మొదలయ్యాయి. ఎవరో ముసలామె "వీరన్నా" అంది. పైనుంచి ఒక బుర్ర "ఉన్నాను" అంది. మూడుసార్లు. ముసలామె "సల్లగుండు నాయనా, గంజి తాగు" అని చెప్పి వెళ్లింది. ఇంకెవరో, ఇంకెవరో. అందరికీ జవాబులు అందుతున్నాయి, అందరూ తేలికపడి పక్కకు జరుగుతున్నారు.

చెన్నమల్లుడు అన్న బుర్రను దారం తెంపి ఒళ్లో పెట్టుకున్నాడు. "పగలగొడితే బతికున్నవాడికి గొంతు వెళ్లి చేరుతుంది. మనిషి లేకపోతే గాల్లో పోతుంది" అన్నాడు ఎల్లమంద. "కానీ మూడో పిలుపుకు జవాబు పోకూడదు. అప్పుడు తలుపు తెరవక తప్పదు. జనం లోపలికి వస్తారు, ఇదంతా చూస్తారు."

"ఓబయ్యా" అంది గొట్టంలోంచి లకుమ.

"ఉన్నాను." బుర్ర అతని చేతుల్లో చిన్నగా వణికింది. అన్న చిన్నప్పుడు అతనికి అక్షరాలు దిద్దించినప్పటి గొంతు. చెన్నమల్లుడు రోకలి ఎత్తలేకపోయాడు.

"ఓబయ్యా."

"ఉన్నాను." రెండోసారీ ఎత్తలేకపోయాడు. ఇంకొక్కసారి వింటే చాలుననిపించింది. అతన్ని తప్పు పట్టకండి. మీరూ నేనూ అయినా అంతే చేస్తాం.

ఎల్లమంద అతని భుజం మీద విరిగిన చెయ్యి వేశాడు. చెన్నమల్లుడు కళ్లు మూసుకుని రోకలి దించాడు.

"ఓబయ్యా" అంది లకుమ.

ఎవరూ పలకలేదు. బుర్రలోంచి లేచిన వెచ్చటి తెర మండపమంతా ఒకసారి తిరిగింది. నేలలోని జాలీ గుండా కింది కొట్లలోకి దిగింది. అన్నదమ్ములు చిన్నప్పుడు దాగుడుమూతలు ఆడేవాళ్లు. అప్పుడు లెక్కపెట్టినట్టే చెన్నమల్లుడు లోపల్లోపల అంకెలు లెక్కపెట్టుకున్నాడు. కిందనుంచి ఒక్క దగ్గు వినిపిస్తే చాలు. ఒక్క మూలుగు. పదిహేను దాకా లెక్కపెట్టాడు. ఆ తెర జాలీ గుండా మళ్లీ పైకి వచ్చింది. దానికి అక్కడ ఎవరూ దొరకలేదు. అతని చెంపను తాకుతూ పోయి, పైకప్పు సందులోంచి ఎండలో కలిసిపోయింది.

చెన్నమల్లుడు నేల మీద పడి ఏడ్చాడు. తన చేత్తో తీసుకొచ్చి ఇక్కడ వదిలాడు, తన చేత్తోనే ఆఖరి మాట కూడా పోగొట్టాడు.

గొట్టంలోంచి జనం హోరు వినిపించింది. మూడో పిలుపుకు జవాబు రాలేదు. మణిశైలం చరిత్రలో ఎన్నడూ జరగనిది జరిగింది. తలుపు, తలుపు అని వందల గొంతులు అడుగుతున్నాయి. ఓటు కోసం గోడ పక్కన వేసిన వేదిక మీదినుంచి దళవాయి గొంతు నిదానంగా పలికింది. "హక్కు హక్కే. ఆ తల్లికి తలుపు తెరవండి."

గొలుసులు కదిలాయి. నలభై మూరల ఎత్తు ఇనుపతలుపు కిర్రుమంటూ తెరుచుకున్న చప్పుడు కొండ కింది దాకా వినిపించింది. ఎల్లమంద కళ్లు మెరిశాయి. మరుక్షణం బయట అంతా నిశ్శబ్దమైపోయింది.

తలుపు వెనక దారి లేదు. నేలనుంచి కమాను దాకా రాతిగోడ కట్టి ఉంది. సున్నం ఇంకా తెల్లగానే ఉంది.

"తలుపు తెరవాలని పెద్దలు రాశారు, తెరిచాను" అన్నాడు రణభేరుండుడు. "దాని వెనక ఏముండాలో వాళ్లు రాయలేదు. సభ ఏర్పడ్డాక అదీ రాసుకుందాం. అందరూ శాంతంగా ఉండండి, పిలుపులు సాగనివ్వండి."

ఎవరూ రాయి విసరలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంకా పిలవాల్సినవాళ్లు రెండువందలమంది వరసలో ఉన్నారు. వాళ్ల మనుషులు పలుకుతారు కదా. ఒకరి మనిషి పలకలేదని అందరూ వరస వదులుకుంటారా?

లకుమ తిరిగి రంధ్రం దగ్గరకు వచ్చింది. "లోపల ఎవరన్నా ఉన్నారా?" అంది. పేరు లేదు, పిలుపు కాదు, ఉత్త ప్రశ్న.

చెన్నమల్లుడు లేచి గొట్టం దగ్గరకు పరుగెత్తాడు. "పేరు చెప్పకు" అన్నాడు ఎల్లమంద వెనకనుంచి. "ఏది చెప్పినా పేరు మాత్రం చెప్పకు. పిలిస్తే పలక్కు." అంతలోనే అద్దాల సొరంగం వైపునుంచి మువ్వల చప్పుడు వినిపించింది. ముసలివాడు వంగి, తను బుర్రలు తుడిచే బల్ల కింద దూరాడు. అలంకారం ముగించుకుని, పట్టుపంచె కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని ధూమ్రకంఠుడు లోపలికి వచ్చాడు. నేల మీద పెంకులు చూశాడు. గొట్టానికి నోరు ఆనించి నిలబడిన మనిషిని చూశాడు. అరవలేదు. మూల కొయ్యకు వేలాడుతున్న కొత్త బుర్రల్లోంచి ఒకదాన్ని తీసుకుని, మూతి కోసి, పిల్లిలా నడిచి వచ్చి అతని వెనక నిలబడ్డాడు. గట్టిగా అరిచి హెచ్చరిద్దామని ఎల్లమంద నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. రెండేళ్ల తర్వాత చేతికొచ్చిన గొంతు, మళ్లీ పోతుందన్న భయం.

"విను" అన్నాడు చెన్నమల్లుడు గొట్టంలోకి, గొంతు తగ్గించి. "నేను చెప్పేది అక్కడున్న అందరికీ చెప్పు. మీరు వింటున్న గొంతులు..."

బయట లకుమ ఆ గొంతును గుర్తుపట్టింది. పొద్దున తన చేత్తో తల గొరిగి పంపిన మరిది గొంతు. మూడో పిలుపుకు జవాబు రాక, మొగుడు పోయాడని ఇప్పుడే తెలుసుకున్న మనిషి. ఇంట్లో మిగిలిన ఆ ఒక్క మనిషీ బతికే ఉన్నాడా అన్న భయమే తప్ప ఆమెకు ఇంకేమీ గుర్తులేదు. ఎవరు పిలిచినా పలకొద్దని తనే చెప్పిన మాట కూడా గుర్తులేదు.

"చెన్నమల్లా?" అంది.

గోరింక పిలిస్తే అతను పలకలేదు. ఇది గోరింక కాదు. తల్లి పోయాక తనకు అన్నం పెట్టిన మనిషి.

"ఉన్నాను" అన్నాడు.

ఆ మాట గొట్టంలోకి సగమే వెళ్లింది. మిగతా సగం చెవి పక్కగా వచ్చిన బుర్రలోకి పోయింది. దాని వెనకే అతని గొంతంతా పోయింది. చెన్నమల్లుడు తిరిగి చూసి చెయ్యి ఎత్తేలోపల ధూమ్రకంఠుడు మూతికి లక్క అద్దేశాడు. బెత్తంతో మోకాళ్ల వెనక ఒక్కటి కొట్టాడు. సొరంగంలోంచి నలుగురు కావలివాళ్లు వచ్చి అతని మీద పడ్డారు. అతను అరుస్తూనే ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి, మెడ నరాలు పొంగుతున్నాయి, మండపంలో ఒక్క శబ్దం లేదు.

"బసివినాయుడట" అని పడుచుపిల్ల గొంతుతో నవ్వి, మంత్రగాడు సున్నం అద్దిన వేలితో బుర్ర మీద పేరు రాశాడు. చెన్నమల్లుడు.

"మల్లా, ఏం చెప్పబోయావు?" అంది గొట్టంలోంచి లకుమ. జవాబు లేదు. "చెన్నమల్లా" అంది.

"ఉన్నాను" అంది బుర్ర.

"చెన్నమల్లా."

"ఉన్నాను."

కావలివాళ్ల మోకాళ్ల కింద నలుగుతూ అతను తన గొంతు తన వదినకు జవాబు చెప్పడం విన్నాడు. బల్ల కింద ఎల్లమంద రోకలి వైపు చెయ్యి చాపాడు. విరిగిన చెయ్యి, అందీ అందకుండా ఉంది.

బయట లకుమ రంధ్రం మీంచి చెవి తీసింది. రెండు జవాబులూ ఒకే నిడివి, ఒకే స్వరం. రెండేళ్లు ఓబయ్య పలికింది కూడా ఇలాగే. ఆమెకు అంతా అర్థమైంది. వెనక్కి తిరిగి వరసలో ఉన్నవాళ్లతో అంది.

"మీ వాళ్లు లోపల లేరు. నా మాట నమ్మండి. వాళ్లను పేరు పెట్టి పిలవకండి, ఇంకేదైనా అడగండి. ఇంట్లో ఆవు రంగేమిటో అడగండి. చెల్లెలి పేరు అడగండి. ఒక్కటి అడిగి చూడండి."

ఎవరూ కదల్లేదు. అందరికీ వినపడింది. ఒకాయన తల దించుకున్నాడు. చంకలో బిడ్డతో ఉన్న ఒక ఆమె లకుమ కళ్లలోకి చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. ఆమె వంతు తర్వాతిది. పొద్దున్నుంచీ ఆ ఒక్కమాట కోసం ఎండలో నిలబడింది. ముందుకొచ్చి, లకుమ భుజాన్ని మెత్తగా పక్కకు నెట్టింది.

"జరుగమ్మా" అంది. "మావాడి వంతు."